మద్దెల నిజంగానే ఓడైతే

ఇంట్లో కూర్చుని పాట రికార్డు చేసుకునేవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. కరావోకే ట్రాక్ మీద పాత సినిమా పాటలు పాడే రిటైరైన ఉద్యోగులు, గురువుగారు వాట్సాప్‌లో పంపిన వయొలిన్, మృదంగం ట్రాక్‌కి కీర్తన కలిపి తిరిగి పంపే పిల్లలు, డాలస్‌లో ఉండి ఇక్కడి పోటీకి ఎంట్రీ పంపేవాళ్లు. వీళ్లకు తరచూ ఎదురయ్యే మాట ఒకటుంది: "గొంతు బాగుంది గానీ, తాళం జారుతోందమ్మా." ఆ మాటన్న పెద్దల్ని తప్పుపట్టలేం, చెవికి వినిపించిందే చెప్పారు. కానీ చాలాసార్లు జారింది పిల్ల కాదు, కంప్యూటర్. ఆడలేక మద్దెల ఓడన్నదని ఎవరినైనా ఇట్టే అనేస్తాం. మద్దెల నిజంగానే ఓడైతే ఎవరు చూడాలి?

జరిగేది ఇది. ట్రాక్‌ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ పాడతాం. అంటే కంప్యూటర్ ఒకే సమయంలో వినిపించాలి, రికార్డూ చేయాలి. వినిపించే శబ్దాన్ని అది చిన్న చిన్న ముక్కలుగా బఫర్లో పోగేసి సౌండ్ కార్డుకి అందిస్తుంది. మన గొంతునూ అలాగే పోగేసి తీసుకుంటుంది. పోయేటప్పుడు కొంత ఆలస్యం, వచ్చేటప్పుడు కొంత. సాఫ్ట్‌వేర్ ఆ మొత్తాన్ని లెక్కగట్టి సర్దకపోతే, పాడినప్పుడు సరిగ్గా దెబ్బ మీద పడిన స్వరం రికార్డులో దెబ్బ దాటాక పడుతుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీలో ఈ సర్దుబాటు ముందే 130 మిల్లీసెకన్లుగా పెట్టి ఉంటుంది. అది ఒక అంచనా మాత్రమే, మీ కంప్యూటర్ సంగతి దానికి తెలియదు. 130 చిన్న అంకె అనుకోవద్దు. సరళీ స్వరాలు మూడో కాలంలో, అర సెకనుకో దెబ్బ చొప్పున పాడితే ఒక్కో స్వరానికి దక్కేది 125 మిల్లీసెకన్లు. లెక్క తప్పితే ఒక స్వరం స్వరమే పక్కకి జరిగిపోతుంది.

ఈ చిక్కు కంప్యూటర్‌తో పుట్టింది కాదు. టేపు రికార్డర్లలో రికార్డు చేసే హెడ్ ఒకచోట, వినిపించే హెడ్ దానికి కాస్త అవతల ఉండేవి. పాత ట్రాక్ వింటూ కొత్తది వాయిస్తే ఆ ఎడం అంతా టేపు మీద ఆలస్యంగా తేలేది. 1950ల్లో అమెరికాలోని ఆంపెక్స్ సంస్థ రికార్డు హెడ్‌తోనే పాత ట్రాక్‌ని కూడా వినిపించే సెల్-సింక్ పద్ధతి తెచ్చింది. గిటారిస్టు లెస్ పాల్‌కి 1957లో అందిన ఎనిమిది ట్రాకుల యంత్రం దాని మీదే నడిచింది. అలా వినిపించే శబ్దం నాణ్యత తక్కువ. అయినా సరే, ముందు కాలం కుదరాలి అనుకున్నారు వాళ్లు. నాకు ఎంతో నచ్చిన నిర్ణయం అది.

కంప్యూటర్లలో 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16 అనే సౌండ్ కార్డుకి వినిపించడం, రికార్డు చేయడం రెండూ ఒకేసారి పూర్తి నాణ్యతతో చేయడం రాదు. ఒకవైపు 16 బిట్లు ఇస్తే రెండోవైపు 8తో సరిపెట్టుకోవాలి. ఆ రోజులు పోయాయి. 1997లో స్టైన్‌బెర్గ్ సంస్థ తెచ్చిన ఏసియో డ్రైవర్లు విండోస్ మధ్యవర్తిత్వాన్ని తప్పించి ఆలస్యాన్ని బాగా కోసేశాయి. ఈనాటి మామూలు లాప్‌టాప్ కూడా వింటూ రికార్డు చేయగలదు. అమరిక ఒక్కటే మన చేతిలో ఉంది, దాన్ని మాత్రం ఎవరూ నేర్పరు.

మొదట బ్లూటూత్ తీసి పక్కన పెట్టండి. దాని మైకు ఆన్ చేస్తే చాలా హెడ్‌సెట్లు ఫోన్ కాల్ పద్ధతిలోకి దిగిపోతాయి, స్టీరియో పోయి శబ్దం మూసుకుపోతుంది, ఆలస్యం ఎటూ ఉంటుంది. వైరు హెడ్‌ఫోన్స్ చాలు. రికార్డింగ్ సోర్సు స్టీరియో మిక్స్ అని ఉంటే మైకుకి మార్చండి, లేకపోతే ట్రాక్ కూడా గొంతుతోపాటు రికార్డవుతుంది. వీలైతే హెడ్‌ఫోన్స్, మైకు రెండూ ఒకే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి పెట్టాలి. యూఎస్‌బీ మైకుది ఒక గడియారం, లాప్‌టాప్‌ది ఇంకొకటి. రెంటికీ పది లక్షల్లో 50 వంతుల తేడా ఉందనుకున్నా, ఐదు నిమిషాల పాట చివరికి 15 మిల్లీసెకన్లు పక్కకి పోతుంది. పల్లవి కుదిరి చివరి చరణం జారితే అనుమానించాల్సింది దీన్నే.

ఆ తర్వాత కొలవాలి. ఆడాసిటీలో లేటెన్సీ సర్దుబాటుని సున్నా చేసి, రిథమ్ ట్రాక్ ఒకటి తయారుచేయండి. హెడ్‌ఫోన్ ఒక చెవి భాగాన్ని మైకుకి ఆనించి పట్టుకుని, ఓవర్‌డబ్ ఆన్ చేసి రెండో ట్రాక్‌లో రికార్డు చేయండి. బాగా జూమ్ చేస్తే పై ట్రాక్‌లో టిక్కు గీత, కింది ట్రాక్‌లో అదే గీత కాస్త కుడిపక్కన కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య దూరమే మీ కంప్యూటర్ చేసే ఆలస్యం. ఆ అంకెని మైనస్ గుర్తుతో సెట్టింగ్స్‌లో రాసి మళ్లీ రికార్డు చేస్తే రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి నిలుస్తాయి. డ్రైవరో బఫరో మార్చారా, మళ్లీ కొలవాల్సిందే.

ఆడియో ఇంటర్‌ఫేస్ డబ్బా మీద 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని పెద్దక్షరాల్లో వేస్తారు. పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుందో కూడా అక్కడే వేయాలి. పాడేవాడికి అన్నిటికన్నా అవసరమైన అంకె అది.

ఆన్‌లైన్ పోటీలు పెట్టేవాళ్లు ఈలోపే చేయగలిగింది ఒకటుంది. ఇచ్చే ట్రాక్ మొదట్లో నాలుగు క్లిక్కులు పెట్టండి, వాటికి చప్పట్లు కొట్టి పాట ఎత్తుకోమని చెప్పండి. గొంతు ట్రాక్‌ని విడిగా తెప్పించుకుని, చప్పట్లు క్లిక్కుల మీదకి వచ్చేదాకా జరిపి, మార్కులు ఆ తర్వాత వేయండి.