బంగళా ఒక్కటే కనిపించిందా?

సంపాదకులకు,

విదేశీ మిషనరీలంతా బంగళాల్లో సుఖపడ్డారన్న గతవారం వ్యాసకర్త మాట నాకు మింగుడుపడలేదు. గుంటూరు డాక్టర్ అన్నా కుగ్లర్ సంగతి చూడండి. 1883లో అమెరికా నుంచి వచ్చేనాటికే ఆమె వైద్యురాలు. అయినా లూథరన్ మిషన్ ముందు బోధన పనే అప్పగించింది. వైద్య మిషనరీగా నియమించింది 1885లో. మగ డాక్టరుకు చెయ్యి చూపించని ఆడవాళ్ల కోసం ఆ ఎండల్లో ఇల్లిల్లూ తిరిగారు. ఆమె తాకితే మైల అనుకున్న గడపలూ తొక్కారు. ఆస్పత్రి తెరిచేసరికి 1898 వచ్చింది. మతమార్పిడిపై వ్యాసకర్త అభ్యంతరాలు చర్చించదగ్గవే, కాదనను. కానీ పురిటి మంచాల పక్కన బతుకు వెళ్లదీసి, 1930లో గుంటూరులోనే కన్నుమూసిన మనిషిని సుఖజీవుల్లో జమకట్టడం అన్యాయం. వ్యాసకర్త ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

— ఒక పాఠకురాలు, గుంటూరు