గేటు బయటికి నెట్టిందెవరు?

2022లో నెదర్లాండ్స్ ప్రభుత్వం రెండుసార్లు క్షమాపణ చెప్పింది. మొదటిది జూన్‌లో. ప్రధాని మార్క్ రుట్టె తమ మాజీ సైనికులను ఎదురుగా కూచోబెట్టుకుని, చాలినంత బలగం ఇవ్వకుండా మిమ్మల్ని బోస్నియాకి పంపాం, తిరిగొచ్చాక మీ పక్షాన నిలబడలేదు, క్షమించండి అన్నాడు. రెండోది జూలై 11న. ఆ దేశ రక్షణ మంత్రి పోటోచారి ఖబ్రస్తాన్‌కి వెళ్ళి, కొడుకుల్నీ భర్తల్నీ పోగొట్టుకున్న ఆడవాళ్ళకి చెప్పింది. ఇరవై ఏడేళ్ళు పట్టింది. పట్టనివ్వండి, ఆలస్యం మాకు కొత్త కాదు. మేం అడిగేది వరుస గురించి. ముందు గేటు దగ్గర తుపాకులతో నిలబడ్డవాళ్ళకి, ఆ తర్వాత ఆ గేటు బయటికి పంపబడ్డవాళ్ళ తల్లులకి. ఈ వరుస ఎవరు నిర్ణయించారు?

తెలుగు ముస్లింలు తమ అస్తిత్వం గురించి రాసుకునే పుస్తకంలో బోస్నియా గొడవ ఎందుకని కొందరు మిత్రులు నొసలు ముడుస్తారని తెలుసు. అది మాదాకా ఎలా వచ్చిందో చెప్తాం. 1995లో మేం బడిపిల్లలం. ఇంటికి రెండు పత్రికలొచ్చేవి. అబ్బా ఉర్దూ పత్రిక చదివేవాడు, మేం తెలుగుది చదివేవాళ్ళం. ఉర్దూ పత్రికలో అది సలీబీ జంగ్, అంటే శిలువ యుద్ధం. తెలుగు పత్రికలో అది ‘ముస్లింలకూ సెర్బులకూ మధ్య జాతుల పోరు’. అప్పట్లో ఈ రెండో వాక్యంలో తేడా ఏమీ తోచలేదు. వార్తల బల్ల దగ్గర కూచుని ఏజెన్సీ ఇంగ్లీషుని రెండు భాషల్లోకి దించడం మొదలుపెట్టాకే అర్థమైంది. ఒక పక్షానికి జాతి పేరు. ఇంకో పక్షానికి మతం పేరు. సెర్బులంటే ఒక ప్రజ. ముస్లింలంటే ఒక సమస్య.

నిజానికి యుగోస్లావియాలో 1971 జనాభా లెక్కల నాటికే ‘ముస్లిం’ అన్నది ఒక జాతి పేరు. ఐదుపూటలా నమాజు చేసేవాడూ, మసీదు మెట్టెక్కనివాడూ, పార్టీ కార్డున్న కమ్యూనిస్టూ అందరూ ఆ గడిలోనే నమోదయ్యేవారు. 1993లో వాళ్ళు తమని తాము బోస్నియాక్‌లమని పిలుచుకున్నారు. పత్రికలు వినలేదు. తన పేరేమిటో తాను చెప్పినా అవతలివాడికి వినపడకపోవడం అంటే ఏమిటో మాకు కొంత తెలుసు. అందుకే ఈ గొడవ మాది కూడా.

ఇక జరిగింది. 1991 సెప్టెంబరులో భద్రతా మండలి యుగోస్లావియా మొత్తానికీ ఆయుధాల సరఫరా మీద నిషేధం పెట్టింది. పైకి చూస్తే ఎంత సమన్యాయం! కానీ పాత యుగోస్లావ్ సైన్యం తుపాకులూ ట్యాంకులూ బోస్నియా సెర్బుల చేతికొచ్చాయి. నిషేధం దెబ్బ ఎవరికి తగిలిందంటే, అప్పటికే చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళకి. 1993 మార్చిలో ఫిలిప్ మొరియోన్ అనే ఫ్రెంచి జనరల్ స్రెబ్రెనిత్సా వెళ్తే, ఆడవాళ్ళూ పిల్లలూ ఆయన్ని కదలనివ్వలేదు. మీరిక ఐక్యరాజ్యసమితి రక్షణలో ఉన్నారు, మిమ్మల్ని వదిలిపెట్టనని ఆయన మాటిచ్చాడు. ఏప్రిల్ 16న భద్రతా మండలి ఆ పట్టణాన్ని ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించింది. రక్షణకి బదులుగా లోపలివాళ్ళు తమ ఆయుధాల్లో చాలావాటిని కెనడా సైనికులకి అప్పగించారు. చుట్టూ కొండల మీదున్నవాళ్ళ ఫిరంగులు మాత్రం కొండల మీదే ఉన్నాయి. ఇలాంటి సురక్షిత ప్రాంతాలన్నిటినీ నిజంగా కాపాడాలంటే 34,000 మంది అదనపు సైనికులు కావాలని ప్రధాన కార్యదర్శి లెక్కచెప్తే, మండలి 7,600తో సరిపెట్టింది. అంటే తీర్మానం రాసిన రోజునే వాళ్ళకి తెలుసు. స్రెబ్రెనిత్సా జనానికి మాత్రం తెలీదు.

కెనడావాళ్ళ తర్వాత 1994లో డచ్ దళం వచ్చింది. 1995 జూలై 11న రాత్కో మ్లాదిచ్ పట్టణంలో అడుగుపెట్టాడు. ఇరవై వేలకి పైగా జనం పోటోచారిలోని డచ్ స్థావరం దగ్గరికి పరుగెత్తారు. అదొక పాత బ్యాటరీల ఫ్యాక్టరీ. ఐదు వేలమంది దాకా లోపలికి చేరారు. మిగతావాళ్ళు బయట, మండుటెండలో. 12, 13 తేదీల్లో మగవాళ్ళని ఒక పక్కకీ, ఆడవాళ్ళనీ పిల్లల్నీ బస్సుల వైపుకీ విడదీశారు. విడదీసింది మ్లాదిచ్ మనుషులు. బస్సుల దాకా వరుసలు నడిపించింది నీలి హెల్మెట్లు. వాగు పక్కన తొమ్మిది శవాలను డచ్ అధికారి ఒకరు కళ్ళారా చూశాడు, ఫొటో తీశాడు. ఆ రీలు తర్వాత సైనిక ప్రయోగశాలలో కడిగేటప్పుడు పాడైపోయిందట. ఎంత దురదృష్టం!

13వ తేదీ సాయంత్రానికి బయట ఎవరూ మిగల్లేదు. అప్పుడు లోపలివాళ్ళ వంతొచ్చింది. వాళ్ళలో 350 మంది దాకా మగవాళ్ళు. హసన్ నుహానోవిచ్ ఐక్యరాజ్యసమితి దుబాసీ. బయటికి వెళ్ళండన్న ఆజ్ఞను తనవాళ్ళకి తమ భాషలో చెప్పవలసింది ఆయనే. ఆయన దగ్గర సమితి కార్డుంది కాబట్టి ఆయన ఉండొచ్చు. తండ్రి ఇబ్రో అంతకుముందు రోజు జనం తరఫున మ్లాదిచ్‌తో మాట్లాడటానికి వెళ్ళినవాడు, ఆయనా ఉండొచ్చన్నారు. తమ్ముడు ముహమ్మద్‌కి కార్డు లేదు. వీల్లేదన్నారు. తండ్రి చిన్నకొడుకుతో నడిచాడు. తల్లి నడిచింది. ముగ్గురూ చచ్చిపోయారు. అదే స్థావరంలో డచ్ వాళ్ళకి కరెంటు పని చేసిపెట్టిన రిజో ముస్తాఫిచ్ కూడా గేటు దాటాడు. తిరిగి రాలేదు.

ఆ వారంలో చంపబడ్డ మగవాళ్ళూ కుర్రాళ్ళూ ఎనిమిది వేల పైచిలుకు. పోటోచారి రాతిమీద చెక్కిన అంకె 8,372.

డచ్ సైన్యానికో వాదన ఉంది. మేం దాన్ని తీసిపారెయ్యం. ఊళ్ళో మిగిలింది నాలుగు వందల లోపు మంది. సెర్బులు దారులు మూసేసి ఆయిలూ తిండీ రానివ్వలేదు. కొందరు సైనికులు బందీలుగా ఉన్నారు. విమానదాడులు అడిగితే రెండు ఎఫ్-16లు వచ్చి పడేసిన కాసిని బాంబులతో సరి. బందీలను చంపుతామని బెదిరింపు రాగానే, ఆపమన్నది స్వయంగా డచ్ రక్షణ మంత్రి. ఇవన్నీ నిజాలే. ఆ సైనికుల్లో ఇప్పటికీ నిద్రపట్టనివాళ్ళు ఉన్నారన్నదీ నిజమే. కానీ ఏడు వారాలు తిరిగేసరికి, ఆగస్టు 30 నుంచి, నాటో విమానాలు సెర్బు స్థావరాల మీద రోజుల తరబడి బాంబులేశాయి. ఉన్నాయన్నమాట విమానాలు. పైగా మేం అడుగుతున్నది మ్లాదిచ్‌ని ఎందుకు ఓడించలేదని కాదు. అప్పటికే మీ కప్పు కిందున్న మనుషుల్ని ఎందుకు బయటికి పంపారని. దానికి ఫిరంగి అక్కర్లేదు, విమానం అక్కర్లేదు. గేటు మూసుంచితే చాలు. ఈ మాట మాది కాదు, వాళ్ళ సుప్రీంకోర్టు 2013లో నుహానోవిచ్, ముస్తాఫిచ్ కేసుల్లో తేల్చిన మాట. ఆ ముగ్గురు మగవాళ్ళ చావుకు డచ్ ప్రభుత్వానిదే బాధ్యత అంది.

అదే కోర్టు 2019 జూలైలో ఇంకో లెక్క చేసింది. స్థావరం లోపల్నుంచి పంపబడ్డ 350 మందినీ ఉండనిచ్చినా వాళ్ళు బతికే అవకాశం పది శాతమేనట. కాబట్టి ప్రభుత్వ బాధ్యత కూడా పది శాతమేనట. రెండేళ్ళ ముందు కింది కోర్టు ముప్పై అంది. బయట ఎండలో ఉన్న వేలమంది విషయంలో బాధ్యతే లేదు. సమితిని అడుగుదామంటే దానికి న్యాయస్థానాల నుంచి రక్షణ ఉంది, యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2013లో దాన్ని ఖాయం చేసింది. కొడుకు ప్రాణంలో పదో వంతు. బజార్లో గుమ్మడికాయ బేరం కూడా ఇంతకంటే మర్యాదగా సాగుతుంది.

ఇది భయం కథ అయితే మేం ఇంత రాయకపోదుం. భయం ఎవరికైనా వేస్తుంది. దీని వెనక ఒక చూపుంది. పోటోచారి బ్యారక్‌లో గోడమీద ఎవరో ఒక సైనికుడు బోస్నియా ఆడపిల్లకి పళ్ళుండవనీ, మీసాలుంటాయనీ, కంపుకొడుతుందనీ రాసిపెట్టాడు. అది మ్లాదిచ్ మనిషి రాసింది కాదు, కాపాడ్డానికొచ్చినవాడు రాసింది. జూలై చివర్లో దళం జాగ్రెబ్ చేరితే ప్రధానీ యువరాజూ ఎదురొచ్చారు, బ్యాండు మోగింది, బీరు పారింది, కుర్రాళ్ళు చిందులేశారు. అడవుల్లో మట్టి ఇంకా ఆరలేదు. దళాధిపతి కరెమాన్స్‌కి ఆ తర్వాత పదోన్నతి వచ్చింది. 2002లో విచారణ నివేదిక వెలువడ్డాక వీమ్ కోక్ ప్రభుత్వం రాజీనామా చేసింది, ఒప్పుకుంటాం, మన దేశంలో అదైనా ఊహించలేం. కానీ 2006 డిసెంబరులో మళ్ళీ అదే దళానికి గౌరవ చిహ్నాలు పంచిపెట్టారు.

ఈ చూపు పోటోచారిలో పుట్టింది కాదు. 1947లోనూ 1948లోనూ ఇండోనేషియాని మళ్ళీ గుప్పిట్లోకి తెచ్చుకోడానికి ఇదే దేశపు సైన్యం రెండు యుద్ధాలు చేసింది. వాటికి పెట్టిన పేరేమిటో తెలుసా? ‘పోలీసు చర్యలు’. ఆ మాట కనపడగానే మా చెవులు నిక్కబొడుచుకుంటాయి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీదికి సైన్యం నడిచొస్తే దానికి పెట్టిన పేరూ అదే. తర్వాత సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ ఇరవై ఏడు నుంచి నలభై వేలమంది చనిపోయారని రాస్తే, ఆ కాగితాలు దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. యుద్ధాన్ని పోలీసు చర్య అంటే చచ్చినవాడు శత్రువు కూడా కాదు, నేరస్థుడవుతాడు. జావాలో రావాగెదె అనే ఊరిమీద 1947 డిసెంబరు 9న డచ్ సైన్యం పడింది. మగవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చింది. 431 మందని ఊరు చెప్తుంది, 150 అని డచ్ ప్రభుత్వం చెప్పుకుంది. ముసలి విధవలు కోర్టు గెలిచింది 2011లో. మగవాళ్ళని విడిగా నిలబెట్టడం, అంకెల దగ్గర తగువు, ఆరు దశాబ్దాల తర్వాత న్యాయం. తేడా ఒక్కటే. అక్కడ వాళ్ళే కాల్చారు, ఇక్కడ కాల్చేవాడికి అప్పజెప్పారు.

చూశారా, మేం చెప్పలేదూ, ఇది ఇస్లాం మీద యుద్ధమే అంటారు మా మొహల్లాలో కొందరు పెద్దలు. ఆగండి. 1994 ఏప్రిల్ 11న రువాండా రాజధాని కిగాలీలో ఒక సాంకేతిక పాఠశాల ఉంది. లోపల రెండు వేలమంది దాకా జనం, ఎక్కువమంది టుట్సీలు, కాపలాకి సమితి తరఫున బెల్జియం సైనికులు. ఫ్రెంచి సైనికులు వచ్చి తెల్లవాళ్ళని బండ్లెక్కించుకుపోయారు. తర్వాత బెల్జియంవాళ్ళూ సామాను సర్దుకున్నారు. మమ్మల్ని వదిలిపోకండని జనం బండ్లకి అడ్డంపడ్డారు. బండ్లు కదిలాయి. బయట కత్తులతో కాచుకున్నవాళ్ళు లోపలికొచ్చారు. ఆ చచ్చినవాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులు. వాళ్ళని మీ శిలువ యుద్ధంలో ఏ వైపు నిలబెడతారు? అటు బోస్నియాక్‌లు తెల్లవాళ్ళు, యూరప్‌వాళ్ళు, ఒంటిరంగులో డచ్‌వాళ్ళకి తీసిపోరు. వాళ్ళనీ ఆ రంగు కాపాడలేదు. పోటోచారిలో హసన్‌ది ఏ మతమో తమ్ముడిదీ అదే మతం. అన్న జేబులో కార్డుంది. కిగాలీలో బండెక్కినవాడి జేబులో పాస్‌పోర్టుంది. శాంతి సైన్యం వచ్చింది ఊరిని కాపాడ్డానికే, కానీ బేరం వచ్చేసరికి అది కాగితమున్నవాణ్ణి లెక్కపెట్టుకుని వెళ్ళిపోతుంది. కాగితాలేవీ అని 2019 నుంచీ మమ్మల్నడుగుతున్న దేశంలో ఉంటూ, ఈ సంగతి మాకు ఇంకొకరు చెప్పాలా?

ఇప్పుడు లౌకికవాద మిత్రులతో నాలుగు మాటలు. మీరు మావాళ్ళు, అందుకే కోపం. బోస్నియా ప్రస్తావన రాగానే మీ నోట వచ్చే మొదటి మాట ‘రెండు వైపులా తప్పులున్నాయి’. ఉన్నాయి. స్రెబ్రెనిత్సా లోపలి బోస్నియాక్ బలగాలు చుట్టుపక్కల సెర్బు గ్రామాల మీద పడ్డాయి, మనుషుల్ని చంపాయి. జాగ్రెబ్‌లో పత్రికలవాళ్ళ ముందు కరెమాన్స్ అన్నదీ అదే, ఇందులో మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అంటూ లేరని. పది రోజుల కింద వేలమందిని మగవాళ్ళనే కారణంతో విడదీయడం చూసొచ్చిన మనిషి ఆ మాట అన్నాడు. తటస్థం అన్నది ఒక చోటు, మిత్రులారా. అక్కడ నిలబడ్డవాడికి కొండమీది ఫిరంగీ, లోయలోని తల్లీ ఒకే దూరంలో కనిపిస్తాయి. ఆ దూరాన్ని కొలిచినవాడెవడో మీరు అడగరు.

2024 మే 23న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో జూలై 11ని స్రెబ్రెనిత్సా జాతిహత్య స్మారక దినంగా ప్రకటించే తీర్మానం వచ్చింది. అది జాతిహత్యేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లోనే తేల్చింది, మ్లాదిచ్‌కి యావజ్జీవం 2021లో ఖాయమైంది, కాబట్టి కొత్తగా తేల్చవలసింది ఏమీ లేదు. అనుకూలం 84. వ్యతిరేకం 19, అందులో ముస్లింలు అత్యధికంగా ఉన్న సిరియా, మాలి కూడా ఉన్నాయి, మా మొహల్లా పెద్దలు గమనించాలి. ఓటు వెయ్యకుండా కూచున్నవి 68. వాటిలో మన దేశం ఒకటి.

ఆ రాత్రి వార్త మా బల్లమీదికొచ్చింది. స్థలం లేదన్నారు. లోపలి పేజీలో రెండంగుళాలు దొరికింది. మన దేశం ఓటు సంగతి చివరి వాక్యంలో ఉంది, పేజీ కట్టేటప్పుడు చివరి వాక్యమే తెగుతుంది, తెగింది. శీర్షికలో మొదటి మాట ‘ముస్లింల’ అని ఉంది. అది రాసింది మేమే.