ఎదురింట్లో ఉంది, మనింట్లో లేదు

కరెంటు పోగానే కోనసీమలో ఎవరైనా మొదట చేసే పని వీధి గుమ్మంలోకి వచ్చి అటూ ఇటూ చూడడం. వీధంతా చీకటైతే మనసుకు నిశ్చింత. "ఏవండీ, మీకూ లేదాండి?" "ఆయ్, లేదండి." ఇక అరుగు మీద కూర్చుని విసనకర్ర అందుకోవడమే. ఏ లైను మీదో ఏదో పడింది, సబ్‌స్టేషన్ వాళ్లకే తెలుస్తుంది, వాళ్లే ఇస్తారు. చిక్కల్లా ఎదురింట్లో ట్యూబులైటు వెలుగుతూ మన వరసలో నాలుగిళ్లు మాత్రం చీకట్లో ఉన్నప్పుడే. మూడు ఫేజుల మీటరు పెట్టించుకున్న ఇళ్లలో ఇంకా చిత్రం. హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, వంటింట్లో లైటు వెలగదు.

ఈ సగం కరెంటును మనం చిన్న ఇబ్బందిగా తీసిపారేస్తాం. మొత్తం పోవడం కంటే ఇదే ఎక్కువ నష్టం చేస్తుంది. పైగా ఎవరి లెక్కలోకీ రాదు.

ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కి 11 వేల వోల్టుల తీగలు మూడు వస్తాయి. అక్కణ్నుంచి ఇళ్ల వైపు మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ బయల్దేరతాయి. మామూలు ఇంటికి అందేది ఒక ఫేజు, న్యూట్రల్. ఈ రెంటి మధ్యా 230 వోల్టులు. మన ఇల్లు ఎర్ర ఫేజు మీద, ఎదురిల్లు పసుపు మీద, సందు చివరి ఇల్లు నీలం మీద ఉండొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలో ఒక ఫ్యూజు కొట్టేస్తే ఆ ఫేజు మీది ఇళ్లు చీకటవుతాయి, మిగతావి నిక్షేపంగా ఉంటాయి. ఇది తేలిక రకం.

పైన 11 వేల వోల్టుల వైపు ఒక ఫేజు పోతే సంగతి మారుతుంది. ఒక ఫేజు ఇళ్లకు కరెంటు మామూలుగానే ఉంటుంది, మిగతా రెండు ఫేజుల ఇళ్లకూ దాదాపు సగం వోల్టేజి వస్తుంది. పాత బల్బుల రోజుల్లో ఇది ఇట్టే తెలిసిపోయేది. బల్బు ఆముదం దీపంలా ఎర్రగా మిణుకుతుంటే ఇంటి పెద్దలు "లో వోల్టేజి, మోటారు ఆపండి" అని కేకేసేవారు. ఇప్పటి ఎల్ఈడీ దీపాల్లో చాలావాటికి తక్కువ వోల్టేజి ఒక లెక్క కాదు. అవి తెల్లగా వెలుగుతూనే ఉంటాయి. ఫ్రిజ్ మూలుగుతూ తిరగలేక వేడెక్కుతున్న సంగతి కాలిన వాసన వచ్చేదాకా తెలియదు.

వీటన్నిటికంటే భయపడాల్సింది న్యూట్రల్ తెగినప్పుడు. మూడు ఫేజుల మధ్య వోల్టేజిని సరిపెట్టి ఉంచేది ఆ నాలుగో తీగే. అది ఊడిందా, లోడు ఎక్కువున్న ఫేజు మీద వోల్టేజి పడిపోతుంది, తక్కువున్న ఫేజు మీద 300 దాటి ఇంకా పైకి, ఒక్కోసారి 400 దగ్గరదాకా ఎగబాకుతుంది. ఒక ఇంట్లో లైట్లు మసకబారిన క్షణంలోనే పక్కింట్లో టీవీ, సెట్‌టాప్ బాక్సు, చార్జర్లు టపటపా పేలిపోతాయి. ఫ్యూజు ఉందిగా అనుకుంటారు. మామూలు ఫ్యూజు గానీ ఎంసీబీ గానీ ఎక్కువ కరెంటు లాగినప్పుడు పడిపోతాయి తప్ప, ఎక్కువ వోల్టేజి వచ్చిందని పడవు. అసలు ఎర్తు లేక న్యూట్రల్‌నే ఎర్తుగా కలిపేసిన దొంగ వైరింగు ఉన్న ఇంట్లోనైతే ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నా షాకే. అందుకే లైట్లు మసకబారి, వెంటనే మరీ తెల్లగా మండి, మళ్లీ మసకబారుతూ ఊగుతుంటే ఇక ఆలోచించకూడదు. మెయిన్ ఆపేయాలి, పక్కిళ్ల వాళ్లకూ కేకేసి చెప్పాలి.

ఇది ఎక్కడైనా జరిగేదే. అమెరికాలో ఇళ్లకు 120 వోల్టుల తీగలు రెండు వస్తాయి. వాటిలో ఒకటి తెగితే డాలస్‌లో ఉన్న మన పిల్లల ఇంట్లోనూ సగం గదులు చీకటవుతాయి, 240 వోల్టుల మీద నడిచే బట్టల డ్రయ్యరు ఆగిపోతుంది. న్యూట్రల్ ఊడితే అక్కడా సామాన్లు కాలతాయి.

కోనసీమకు మాత్రం తనవైన కారణాలు కొన్ని ఉన్నాయి. మొదటిది కొబ్బరి. గాలికి ఊడిపడే ఒక్క మట్ట రెండు తీగలకు అడ్డంగా పడితే చాలు, ఫ్యూజు ఎగిరిపోతుంది. తోటల మధ్యగా లైన్లు పోని ఊరు ఇక్కడ వెతికినా దొరకదు. రెండోది ఉప్పు గాలి. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా సముద్రం దగ్గరి ఊళ్లలో బోల్టులు, క్లాంపులు, ఎర్తు తీగలు తొందరగా తుప్పు పడతాయి. అల్యూమినియం తీగకు రాగి వైరు చుట్టి వదిలేసిన అతుకునైతే తుప్పు మరీ తొందరగా తినేస్తుంది. న్యూట్రల్ ఊడేది చాలాసార్లు ఇలాంటి అతుకు దగ్గరే. మూడోది తుపాను. 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ సీమలో తోటలతో పాటు కరెంటు స్తంభాలనూ నేలమట్టం చేసింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది, అంటే సఖినేటిపల్లికి వశిష్ఠ గోదావరి అవతల. తుపాను మర్నాడు లైన్‌మన్లు పడే కష్టాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ హడావుడిలో వేసిన అతుకులను తీరిగ్గా మళ్లీ చూసి బిగించకపోతే ఆర్నెల్ల తర్వాత అవే సగం చీకటిగా తిరిగొస్తాయి.

మన తప్పూ ఉంది. మూడు ఫేజుల మీటరున్న ఇళ్లలో ఒక ఫేజు పోతే మరో దాని మీదికి మార్చుకునే స్విచ్చి పెట్టించుకుంటున్నాం. స్విచ్చి తిప్పగానే మన ఏసీ మళ్లీ నడుస్తుంది, ఫిర్యాదు సంగతి మరిచిపోతాం. వీధిలో పదిమంది ఇదే చేస్తే బతికున్న ఫేజు మీద బరువు రెట్టింపై అదీ కొట్టేస్తుంది. ఒకే ఫేజున్న వాళ్లు మాత్రం ఏం చేస్తారు? పక్కింటి నుంచి వైరు లాగుతారు. కొందరైతే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె తెరిచి తామే ఫ్యూజు కట్టేస్తారు. ఈ చివరి పని ప్రాణాలు తీసే పని. దాన్ని తెగువ అని మెచ్చుకోవడం ఇకనైనా మానాలి.

ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల రైతుకు ఈ విషయంలో మనకంటే జాగ్రత్త ఎక్కువ. ఒక ఫేజు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ మోటారు మిగిలిన రెండు ఫేజుల మీదే ఈడ్చుకుంటూ మామూలు కంటే దాదాపు 1.7 రెట్లు కరెంటు లాగి కాలిపోతుంది. అందుకే మోటారును వెంటనే ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ బిగించుకుంటాడు, రాత్రి కాపలా పెడతాడు. ఇళ్లకూ అలాంటి సాధనం ఉంది. వోల్టేజి మరీ పెరిగినా తగ్గినా లైను తెంచేసే రక్షణ పరికరాన్ని మెయిన్ దగ్గర పెట్టించుకోవచ్చు. ఒక్క ఫ్రిజ్‌కు స్టెబిలైజరు కొనడం కంటే అది మేలు.

ఇక లెక్క సంగతి. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004 నాటి 7వ నిబంధన ప్రకారం ఫ్యూజు పోతే పట్టణాల్లో 4 పనిగంటల్లో, పల్లెల్లో 12 పనిగంటల్లో సరిచేయాలి. అంటే అమలాపురానికి ఒక గడువు, రాజోలుకు దానికి మూడింతలు. గడువు దాటితే పరిహారం ఇవ్వాలి. బాగానే ఉంది. కానీ కరెంటు ఎన్నిసార్లు పోయింది, ఎంతసేపు పోయింది అని డిస్కమ్‌లు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ఏటా చూపే సగటు లెక్కలు 11 వేల వోల్టుల ఫీడర్ల మీద కట్టేవి. ఫీడర్ నడుస్తున్నంతసేపూ, ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక ఫేజు రాత్రంతా లేకపోయినా, వోల్టేజి 120కి పడిపోయినా, ఆ లెక్కలో కరెంటు ఉన్నట్టే. లెక్కలోకి రాని దానికి బడ్జెట్టూ రాదు. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఎర్తు గుంటలు ఎండిపోవడానికీ, అతుకులు తుప్పు పట్టడానికీ ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

2021లో కేంద్రం కరెంటు పంపిణీని బాగుచేయడానికి తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి. వాటి మీద మన దగ్గర వాదనంతా బిల్లు చుట్టూనే తిరిగింది. ఇంటింటి వోల్టేజినీ, ఏ వేళ ఏ ఫేజు లేదన్న సంగతినీ ట్రాన్స్‌ఫార్మర్ వారీగా రాసి పెట్టగల సాధనం అదేనన్న మాట మాత్రం పెద్దగా వినిపించలేదు. దూరం నుంచే గమనించగలిగిన లోపాలకు అడగకుండానే పరిహారం ఇవ్వాలని 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు చెబుతున్నాయి. మీటరు మన ఇంటికి పెడుతున్నప్పుడు అది చూపించే వోల్టేజి లెక్కను కూడా నియంత్రణ మండలి బయటపెట్టించాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఫిర్యాదే. 1912కి ఫోన్ చేసినప్పుడు "కరెంటు లేదండి" అని ఊరుకోకండి. "మా ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక ఫేజు లేదు, ఎదురింట్లో ఉంది" అని, లేదా "లైట్లు ఊగుతున్నాయి, న్యూట్రల్ చూడండి" అని చెప్పండి. స్తంభం మీది నెంబరు చెప్పండి, ఫిర్యాదు నెంబరు అడిగి రాసుకోండి. కరెంటు ఉన్న ఎదురింటి వాళ్ల చేత కూడా ఒక ఫోన్ చేయించండి.