సంపాదకుని మాట: నాటకానికీ తెరకూ నడుమ

‘ఇంతకీ నువ్వు నాటకాల మనిషివా, సినిమా మనిషివా?’ ఈ సంచికలోని కొత్త కళాకారులందరికీ ఇంట్లో తప్పని ప్రశ్న ఇది. వాళ్ల కోసం, నాటకం, వీడియో రెండింటా పనిచేసిన చిత్రకారిణి నళినీ మలానీ తొలినాళ్లు ఒకసారి తిరగేశాను.

1946లో కరాచీలో పుట్టిన ఆమె బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుతూ భూలాభాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో బొమ్మలు వేసుకునేవారు. చిత్రకారులు, సంగీతకారులు, నాటకాలవాళ్లు అందరూ అక్కడ ఒకే చూరు కింద. 1969లోనే చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ వర్క్‌షాప్‌లో చిన్న సినిమాలు తీశారు. తర్వాత చాలాకాలం ప్రధానంగా చిత్రలేఖనమే. 1993లో నటి అలకనందా సమర్థ్‌తో హైనర్ ముల్లర్ నాటకం, 1997లో నాటక దర్శకురాలు అనురాధా కపూర్‌తో బ్రెహ్ట్ కథ మీద ‘ది జాబ్’ వచ్చాయి. 1998 పోఖ్రాన్ అణుపరీక్షలు ఆమెను దేశవిభజన మీద మంటో రాసిన కథ ‘టోబా టేక్ సింగ్’ వైపు నడిపించాయి. రేకు ట్రంకు పెట్టెల్లో టీవీలు పెట్టి, కాందిశీకుల సామాన్లలోంచే వీడియో ఆడించారు. అప్పటికామెకు యాభై దాటాయి. కొత్తవాళ్ల గ్రాంట్లకు వయోపరిమితి పెట్టే పెద్దలు ఈ లెక్క చూసుకుంటే బాగుండు!

లోపలి పేజీల్లో ముందుగా ముఖాముఖి చదవండి. ప్రొజెక్టరు అద్దెల గోడు అందులో దాపరికం లేకుండా ఉంది.