కరెంటు మధ్యలో ఆపి కోతకు రావొద్దు

ఈరోజు పంట సంగతి కాదు, గొంతు సంగతి. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మా బాబాయి ముప్పై ఏళ్లు చుట్ట తాగాడు. పోయినేడు మింగుతుంటే ఒకవైపే నొప్పి, అదే వైపు చెవిపోటు, దవడ కింద నొప్పి లేని గడ్డ. రెండు నెలలు ఊళ్లో బిళ్లలతోనే గడిచింది. ముక్క తీసి పరీక్ష చేయాలంటే "కత్తి తగిలితే పాకుద్ది" అని చుట్టాలు భయపెట్టారు. అది ఉత్త మాట. ముక్క పరీక్ష చేయకుండా ఏ రోగమో తేలదు, ఏ వైద్యమో తేలదు.

తేలింది ఏంటంటే, నాలుక మొదట్లో, టాన్సిల్ దగ్గర క్యాన్సర్. దీనికి వైద్యం ఉంది. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్ గానీ, కరెంటు పెట్టడం (రేడియేషన్) గానీ, చాలామందికి ఏదో ఒక్కటే సరిపోతుంది. ముదిరితే కరెంటుతో పాటు వారానికోసారో మూడు వారాలకోసారో కీమో సెలైన్ ఎక్కిస్తారు. కొందరికి ముందు ఆపరేషన్ చేసి తర్వాత కరెంటు పెడతారు. ముక్కు వెనకాల పైగొంతులో వస్తే అక్కడ కత్తికి చోటు తక్కువ, కాబట్టి కరెంటు, కీమోలే ముఖ్యం. ఏది ఎవరికో డాక్టర్లు కూర్చుని తేల్చాలి, మనం రచ్చబండ మీద కాదు.

కరెంటు మామూలుగా ఆరేడు వారాలు, వారానికి ఐదు రోజులు. బాబాయికి 35 సార్లు అన్నారు. 20 అయ్యేసరికి నోరంతా పుండు, మజ్జిగ కూడా దిగలేదు. ఇక్కడ మిర్చి కోతకొచ్చింది. "పది రోజులు చూసుకుని వస్తా" అని వచ్చేశాడు. తర్వాత వెళ్లి మిగతావి పూర్తి చేశాడు గానీ, ఆరు నెలలకి గడ్డ మళ్లీ లేచింది. ఆ పది రోజుల వల్లేనా అంటే డాక్టరు కచ్చితంగా చెప్పలేనన్నాడు. కానీ మధ్యలో ఆపితే మిగిలిన కణాలు ఇంకా జోరుగా పెరుగుతాయి అని మాత్రం చెప్పాడు. మనకి తెలియంది కాదు. కలుపు సగం తీసి వదిలేస్తే ఏమవుద్దో చూసినోళ్లమే కదా.

తప్పు బాబాయిది అని నేననను. కోతకొచ్చిన చేను, నెత్తిన అప్పు, సాయం వచ్చేవాడు లేడు. తప్పు మాది. మేం నలుగురం వెళ్లి ఆ ఎకరంన్నర కోసిపెట్టి ఉంటే ఆయన ఆసుపత్రిలోనే ఉండేవాడు. నాట్లకి ఒకరికొకరం బదులు పనికి పోతాం. జబ్బుకి ఎందుకు పోకూడదు?

అందుకే నా మాట ఇది. ఊళ్లో ఎవరికైనా కరెంటు మొదలైతే ఆ ఏడు వారాలు వాళ్ల పొలం ఊరిది. మందు కొట్టడం, నీళ్లు పెట్టడం, గొడ్లకి మేత, అన్నీ వంతులేసుకుందాం. ఖర్చుకి ఆరోగ్యశ్రీ ఉంది (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ). హైదరాబాదులో ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రి, విశాఖలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. డబ్బు కంటే మనిషి తోడే మనకి కరువు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. కరెంటుకి ముందే పళ్లు చూపించుకోండి, పుచ్చుపళ్లు తర్వాత పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. ముక్కులో గొట్టం వేస్తామంటే భయపడొద్దు, అది తిండి కోసమే, అంతా అయిపోయిందని కాదు. చుట్ట, బీడీ, గుట్కా ఆరోజే మానండి, తాగుతూ ఉంటే వైద్యం సరిగా పనిచేయదు. మూడు వారాలు దాటిన గొంతు నొప్పికి, మెడలో గడ్డకి బిళ్లలు మింగుతూ కూర్చోవద్దు, ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.

బాబాయి మళ్లీ ఆసుపత్రిలో ఉన్నాడు. ఈసారి ఆయన చేను మేం చూస్తున్నాం. ఈ పని పోయినేడే చేయాల్సింది.