నవ్వు అందరిదీ, కుర్చీ ఎవరిది?

పిసినారి లక్ష్మీపతి కోడిని తాడుకు వేలాడగట్టి, దాన్ని చూసుకుంటా వట్టన్నం ముద్దలు మింగుతాడు. హాలంతా ఈలలు, చప్పట్లు. జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' 1987లో వచ్చింది. నంద్యాలలో ఆ ఆటకు పోయిన మా పేటోళ్ళం నేల టికెట్టులో కూర్చొని కడుపుబ్బా నవ్వినాం. తిరిగొచ్చేటప్పుడు దోవలో అనుకున్నాం: లక్ష్మీపతి డబ్బుండి గూడా తినడు, మనం డబ్బు లేక తినం. వాని వట్టన్నం తమాషా, మన వట్టన్నం రోజూ ఉండేదే.

అయినా ఎందుకు నవ్వినాం? ఆ సినిమా ఎగతాళి చేసింది ఉన్నోని పిసినారితనాన్ని, లేనోని ఆకలిని కాదు. ఈ తేడా మనం పట్టుకోవాల.

ఇంక కూర్చునే సంగతి. రచ్చబండ కాడ కులం అడుగుతారు. టీ కొట్టులో గ్లాసు కాడ కులం అడుగుతారు. సినిమా హాలు కిటికీ కాడ మాత్రం పైసలే అడిగినారు. అంగళ్ళు, హోటళ్ళతో పాటు వినోద స్థలాల్లో గూడా కులం పేరు చెప్పి ఎవర్నీ ఆపగూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసి ఉంది. అందుకే సినిమా హాలు మనకు ఉత్త కాలక్షేపం కాదు. పక్కన కూర్చున్నోని కులం తెలియకుండా నవ్విన చోటు అది.

ఆ కాస్త సమానత్వాన్ని గూడా పెత్తందార్లు ఓర్వలేదు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, 1991 జూలై 4న, సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుని కాలు అగ్రకుల యువకునికి తగిలింది. ఆ గొడవ సాంఘిక బహిష్కారం అయింది. ఆగస్టు 6న 8 మంది దళితుల్ని నరికి చంపినారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. టికెట్టు కొన్న మనిషి కాలు తగిలితే ఎనిమిది ప్రాణాలా? ఈ ప్రశ్న చుండూరోళ్ళది మాత్రమే కాదు, మన అందరిది.

నేల టికెట్టు కాలం పోయింది. పాత హాళ్ళు ఎన్నో మూతబడినాయి. 2022 నుంచి మాత్రం పాత సినిమాలు మళ్ళీ ఆడించే రివాజు ఊపందుకుంది. లక్ష్మీపతి వేషం కట్టిన కోట శ్రీనివాసరావు 2025లో చనిపోయినప్పుడు, ఆ కోడి ముచ్చటే అందరూ తలుచుకున్నారు. రేపు నంద్యాలలోనో, ఆళ్ళగడ్డలోనో ఆ ఆట పడితే పిల్లాజెల్లాతో పోదాం. నచ్చిన సీటులో కూర్చుందాం, గట్టిగా నవ్వుదాం.

అయితే ఏ సినిమాలోనైనా మన రంగు మీద, మన యాస మీద, మన పని మీద జోకులేస్తే నవ్వొద్దు. ఎందుకు నవ్వలేదో విరామంలో పక్కోనికి చెప్పండి. ఇంటికొచ్చినాక పిల్లలకు చుండూరు సంగతి చెప్పండి. వాళ్ళు కూర్చున్న కుర్చీ ఎవరూ దానమిచ్చింది కాదని తెలియాల.