గెంతనివ్వండి, అదీ స్తుతే!

కడియం, కడియపులంక నర్సరీల పక్కగా వెళ్లేవారందరికీ ఆ దృశ్యం తెలుసు. కాలువ మీది గాలి తగిలితే చాలు, బారులు తీరిన మొక్కలన్నీ ఒక్కసారిగా ఆకులాడిస్తాయి. దేవుని ప్రజలు సంతోషంగా తిరిగొచ్చే రోజున చెట్లు కూడా చప్పట్లు కొడతాయన్నాడు యెషయా ప్రవక్త (యెషయా 55:12). ఆ వాక్యం మీద ప్రసంగం వింటే మనం ‘ఆమెన్‌’ అంటాం. కాని అదే ఆరాధనలో పాట మొదలవగానే ఆటిజం ఉన్న ఓ బాబు రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తూ గెంతితే, ముందు కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. తల్లి వాడి చేతులు ఒడిసిపట్టుకుని బయటికి నడుస్తుంది. పై ఆదివారం నుంచి ఆమె కూడా రాదు.

ఆటిజం ఉన్న చాలామందిలో సంతోషం ముఖంలో కన్నా ముందు ఒంట్లో కనిపిస్తుంది. చేతులాడిస్తారు, మునివేళ్ల మీద ఎగురుతారు, గిర్రున తిరుగుతారు, ఊగుతారు, ఒకే శబ్దం మళ్లీమళ్లీ చేస్తారు. ఇది ఈనాడు కనిపెట్టిన సంగతి కాదు. 1943లో లియో కానర్‌ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసి, ఆటిజాన్ని లోకానికి తెలియజేశాడు. వారిలో మొదటివాడు డొనాల్డ్‌. గిన్నెల్లాంటి గుండ్రని వస్తువులను బొంగరంలా తిప్పి, అవి తిరుగుతుంటే పట్టలేని ఆనందంతో ఎగిరేవాడట! ఆ డొనాల్డ్‌ ట్రిప్లెట్‌ డిగ్రీ చదివాడు, సొంతూరి బ్యాంకులో దశాబ్దాలపాటు పనిచేశాడు, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ ఊరు ఆయన్ను తనవాడిగానే చూసుకుంది.

అందరికీ ఆ భాగ్యం దక్కలేదు. అమెరికాలోనే 1960లలో ఈ కదలికలను మాన్పించాలని పిల్లలకు చెంపదెబ్బలే కాదు, కరెంటు షాకులు కూడా ఇచ్చారు. మరి మనం? దయ్యం పట్టిందంటాం. తల మీద చేతులుంచి కుదిపేస్తాం, గద్దిస్తాం. సువార్తలో దయ్యం పట్టిన చిన్నవాడు నురుగు కక్కుతున్నాడు, అగ్నిలో, నీళ్లలో పడుతున్నాడు (మార్కు 9:17–22). ఈ బాబు పాట విని సంతోషిస్తున్నాడు. ఈ రెంటికీ తేడా తెలియకుండా చేసే ప్రార్థన ఎంత గట్టిగా చేసినా ఆ పిల్లవాడికి మిగిలేది భయమే.

శృంగారమనే దేవాలయ ద్వారం దగ్గర స్వస్థత పొందిన కుంటివాడు గంతులు వేస్తూనే దేవాలయంలోకి వెళ్లాడు (అపొ.కా. 3:8). కుదురుగా నడవమని పేతురు గాని, యోహాను గాని వాడికి చెప్పలేదు. మందసం ఎదుట దావీదు గంతులేస్తే కిటికీలోంచి చూసి తన మనసులో అతణ్ణి హీనపరచింది మీకాలు (2 సమూ. 6:16). చర్చిలో వెనక్కి తిరిగి చూసే మన చూపులు ఎవరి చూపులో ఆలోచించుకోవాలి.

అయితే ప్రతి కదలికా సంతోషమే అనుకోవడం కూడా పొరపాటే. హద్దుమీరిన శబ్దం, దిగులు, భయం కలిగినప్పుడు కూడా ఇలాగే ఊగుతారు, చేతులాడిస్తారు. చెవులు మూసుకుంటున్నాడంటే మన సౌండ్‌ బాక్సులే కారణం కావచ్చు. (నలభై మంది కూడుకునే మందిరానికి అన్ని బాక్సులెందుకో మనకూ తెలియదు!) తల గోడకేసి కొట్టుకుంటుంటే తప్పకుండా ఆపాలి, నిపుణులకు చూపించాలి. కాని ఎవరికీ హాని చేయని గంతును ఆపడం దేనికి? 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆటిజం ఉన్న 32 మంది పెద్దవాళ్లనే అడిగారు. తట్టుకోలేనంత భావం పొంగినప్పుడు ఈ కదలికలే తమకు ఊరట అన్నారు. వాటిని బలవంతంగా మాన్పించే చికిత్సలు తమకొద్దన్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని కూడా గుర్తించింది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆ కుటుంబాలకు ఆ దారి చూపించడం సంఘం చేయగలిగిన పనే. ఇక మందిరంలో కావలసింది చాలా తక్కువ. చాపల చివర గెంతడానికి కాస్త చోటు, బాక్సుల శబ్దం కాస్త తగ్గింపు. ‘పర్లేదమ్మా, గెంతనివ్వండి’ అని ఆ తల్లితో ఎవరో ఒకరు అనాలి. పాస్టర్‌గారే అంటే మరీ మంచిది.